సబ్‌ఫారమ్‌ను కలిపినంత మాత్రాన టేబుళ్ళు కలవవు

సంపాదకులకు నమస్కారములు.

మీ పత్రిక కంప్యూటర్ పేజీలో, సమాచారాన్ని పట్టికలుగా దాచే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డెస్క్‌టాప్ డేటాబేస్‌పై వరుసగా వస్తున్న పాఠాలను నేను మొదటి నుంచీ చదువుతున్నాను. ఇంగ్లిషు పుస్తకాలు ముందేసుకుని కూర్చునే ఓపిక లేనివారికి ఇటువంటి పాఠాలు తెలుగులో దొరకడం ఎంత మేలో, ఈ పనిలోనే రోజంతా గడిపే నాబోటివాడికి బాగా తెలుసు. అయితే ఈ వారం పాఠంలో మెయిన్ ఫారమ్‌కు (సమాచారం నింపే తెరకు) దాని లోపల ఇమిడే సబ్‌ఫారమ్‌ను జోడించే పద్ధతి చెబుతూ, ఒక ఫారమ్‌ను మౌస్‌తో లాగి మరొక ఫారమ్ మీద వదిలితే వాటి వెనుక ఉన్న రెండు టేబుళ్ళూ (సమాచారం దాచే పట్టికలూ) వాటంతట అవే లింకు అయిపోతాయనీ, ఆపైన సమాచారం తప్పిపోయే ప్రమాదమే ఉండదనీ రాశారు. మొదటి మాటలో సగం నిజం ఉంది. రెండవ మాటలో ఆ సగం కూడా లేదు. ఆ పాఠం చదివి ఈపాటికే ఎవరో ఒకరు తమ సంస్థ లెక్కలకు ఫారమ్ తయారుచేసి ఉంటారు కనుక, ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

పాఠంలో ఇచ్చిన ఉదాహరణ గ్రంథాలయానిదే కాబట్టి నేనూ దానినే తీసుకుంటాను. సభ్యుల టేబుల్ ఒకటి, జారీల టేబుల్ ఒకటి. ఒక్కొక్క సభ్యుడికి సభ్యుల టేబుల్‌లో ఒకే వరుస ఉంటుంది. అతడు తీసుకువెళ్ళిన ప్రతి పుస్తకానికీ జారీల టేబుల్‌లో ఒక వరుస చేరుతుంది. మెయిన్ ఫారమ్‌లో సభ్యుడి పేరు, చిరునామా కనిపిస్తూ ఉంటే, దాని కింద సబ్‌ఫారమ్‌లో అతడి జారీలు మాత్రమే కనిపించాలి. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఈ పని చేసిపెట్టేవి రెండే రెండు గళ్ళు. డిజైన్ వ్యూలో (ఫారమ్‌ను తీర్చిదిద్దే తెరలో) సబ్‌ఫారమ్ అంచు మీద ఒకసారి నొక్కి, ప్రాపర్టీ షీట్‌లో డేటా ట్యాబ్ తెరిస్తే అవి లింక్ మాస్టర్ ఫీల్డ్స్, లింక్ చైల్డ్ ఫీల్డ్స్ అన్న పేర్లతో కనిపిస్తాయి. (అంచు మీద కాక లోపల నొక్కితే ఎంపికయ్యేది లోపలి ఫారమ్. దాని ప్రాపర్టీలలో ఈ గళ్ళు ఉండవు. కొత్తవారు వెతికి వెతికి విసిగిపోయేది ఇక్కడే.) మాస్టర్ గడిలో మెయిన్ ఫారమ్ వైపున ఉన్న సభ్యసంఖ్య ఫీల్డు (టేబుల్‌లోని నిలువు గడి) పేరు, చైల్డ్ గడిలో జారీల వైపున ఉన్న సభ్యసంఖ్య ఫీల్డు పేరు రాయాలి. ఒకటి కంటె ఎక్కువ ఫీల్డులతో కలపవలసివస్తే వాటి మధ్య సెమికోలన్ పెట్టి, రెండు గళ్ళలోనూ ఒకే వరుసక్రమం పాటించాలి.

ఆ రెండు గళ్ళు నింపాక యాక్సెస్ చేసేది ఏమిటో పాఠం చెప్పలేదు. అది చేసేవి రెండు పనులు. మెయిన్ ఫారమ్‌లో ఒక సభ్యుడి నుంచి మరొక సభ్యుడికి మారినప్పుడల్లా, జారీలలో ఆ సభ్యసంఖ్య ఉన్న వరుసలను మాత్రమే ఏరి చూపిస్తుంది. సబ్‌ఫారమ్‌లో కొత్త వరుస మొదలుపెట్టినప్పుడు, మెయిన్ ఫారమ్‌లో ఆ క్షణాన ఉన్న సభ్యసంఖ్యను తీసుకువచ్చి ఆ వరుసలో తానే రాస్తుంది. జల్లెడ పట్టడం, ఖాళీ పూరించడం, అంతే. ఈ పనులు కూడా ఆ ఫారమ్ తెరిచి ఉన్నంతసేపే జరుగుతాయి. టేబుల్‌ను నేరుగా తెరిచి రాసినా, వేరే ఫారమ్ నుంచి రాసినా, క్వెరీతో (టేబుళ్ళకు ఇచ్చే ఆదేశంతో) గుత్తగా వరుసలు చేర్చినా ఆ రెండు గళ్ళ ప్రమేయం ఏమీ ఉండదు. లేని సభ్యుడి పేర పుస్తకం జారీ అయినట్టు రాస్తే వద్దనే అధికారం వాటికి లేదు. అటువంటి వాటిని పట్టుకుని, రెండు టేబుళ్ళూ లింకు అయిపోయాయని రాయడం వల్లనే చదువరులు చేయవలసిన అసలు పని చేయకుండా ఊరుకుంటారు.

ఇక, లాగి వదిలితే చాలునన్న మాట. యాక్సెస్ ఆ రెండు గళ్ళనూ తనంతట తాను నింపేది రెండు సందర్భాలలోనే. రెండు ఫారమ్‌లూ టేబుళ్ళ మీద ఆధారపడినవై, ఆ టేబుళ్ళ మధ్య అంతకుముందే రిలేషన్‌షిప్ (ఏ ఫీల్డు దేనికి జోడీయో తెలిపే సంబంధం) గీసి ఉంటే దాని ప్రకారం నింపుతుంది. అది లేకపోతే, మెయిన్ ఫారమ్ టేబుల్‌లోని ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే ఫీల్డు) పేరేమిటో చూసి, అదే పేరుతో, దానికి సరిపడే డేటా టైపుతో (అంకె, అక్షరం వంటి రకంతో) సబ్‌ఫారమ్‌లో ఏదైనా ఫీల్డు ఉంటే ఆ రెంటినీ కలిపేస్తుంది. ఏదీ కుదరకపోతే గళ్ళు ఖాళీగా ఉండిపోతాయి. అప్పుడు ఏ సభ్యుడిని తెరిచినా అందరి జారీలూ కింద బారులు తీరి కనిపిస్తాయి. ఖాళీ గడుల వల్ల వచ్చే చిక్కు పెద్దది కాదు, చూడగానే తెలిసిపోతుంది. అసలు చిక్కంతా పేరును బట్టి యాక్సెస్ వేసే ఆ ఊహతోనే.

కొన్నేళ్ళ కిందట ఒక గ్రంథాలయం వారు తమ ఫారమ్ చూసిపెట్టమని నన్ను పిలిచారు. సభ్యుల పట్టీ, జారీల పట్టీ అంతకుముందు వారు ఎక్సెల్‌లో రాసుకునేవారు. ఆ రెంటినీ యాక్సెస్‌లోకి దిగుమతి చేసుకునేటప్పుడు ప్రైమరీ కీ సంగతి విజార్డు (అడుగడుగునా ప్రశ్నలు వేస్తూ పని చేసిపెట్టే సాధనం) అడిగితే, దానినే చేర్చమన్నారు. అది రెండు టేబుళ్ళలోనూ ఐడీ అన్న పేరుతో ఒక్కొక్క ఆటోనంబర్ (యాక్సెస్ తానే సంఖ్య వేసే) ఫీల్డు చేర్చిపెట్టింది. సభ్యసంఖ్య అన్న ఫీల్డు రెండు చోట్లా ఉన్నా, అది ప్రైమరీ కీ కాదు గనుక యాక్సెస్ దాని జోలికి పోలేదు. ఫారమ్‌ను లాగి వదలగానే ఐడీని ఐడీతో కలిపేసింది. ఫలితం ఊహించండి. సభ్యుల టేబుల్‌లో అయిదవ వరుసలో ఉన్న ఆయనను తెరిస్తే, జారీల టేబుల్‌లో అయిదవ వరుసలో ఉన్న పుస్తకం కనిపిస్తుంది. ఆ పుస్తకం తీసుకున్నది ఎవరైనా సరే. ఆరవ ఆయనకు ఆరవ పుస్తకం. ప్రతి ఒక్కరి కింద సరిగ్గా ఒక్కటంటే ఒక్క పుస్తకం, అచ్చు గుద్దినట్టు. ఎర్ర అక్షరాల హెచ్చరిక లేదు, ఎర్రర్ మెసేజీ లేదు. చూడడానికి ఎంతో పద్ధతిగా ఉన్న ఆ ఫారమ్‌ను నమ్మి, గడువు దాటిన పుస్తకాలు తిరిగి ఇవ్వమని వారు ఉత్తరాలు కూడా పంపించారు. తన జన్మలో ఎప్పుడూ చూడని పుస్తకం తిరిగి ఇమ్మన్నారని ఒక పెద్దమనిషి వచ్చి నిలదీసేదాకా సంగతి బయటపడలేదు.

ఇందులో యాక్సెస్‌ను తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఒకే పేరు కనిపిస్తే ఒకే వస్తువని అది అనుకుంది, మనుషులూ అనుకుంటారు. అందుకే నేను ఏ టేబుల్‌లోనూ ఉత్త ఐడీ అన్న పేరు ఉంచను. సభ్యుల టేబుల్‌లో సభ్యసంఖ్య, జారీల టేబుల్‌లో జారీసంఖ్య, పుస్తకాల టేబుల్‌లో పుస్తకసంఖ్య అని పెట్టుకుంటే యాక్సెస్ తప్పుగా ఊహించడానికి తావే ఉండదు. సబ్‌ఫారమ్‌ను జోడించిన వెంటనే ఆ రెండు గళ్ళనూ తెరిచి కళ్ళారా చదువుకోవాలని కూడా నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవారికి చెబుతాను. మాస్టర్ గడి పక్కనున్న మూడు చుక్కల బటన్ నొక్కితే ఫీల్డు లింకర్ అన్న చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఏది దేనితో ముడిపడిందో అందులో ఎదురెదురుగా కనిపిస్తుంది.

ఆ గ్రంథాలయంలో ఆ గళ్ళు సరిదిద్ది, ఫారమ్ సరిగ్గా పనిచేస్తున్నదని చూపించి వచ్చేశాను. ఆ తరువాత జరిగినదానికి బాధ్యత నాది, వారిది కాదు.

కొన్ని నెలలకు మళ్ళీ కబురు వచ్చింది. కొన్ని పుస్తకాలు అరలలో లేవు, ఏ సభ్యుడి ఖాతాలోనూ లేవు. జారీల టేబుల్‌ను నేరుగా తెరిచి సభ్యసంఖ్య ప్రకారం వరుసపరిచి చూస్తే, సభ్యసంఖ్య గడి ఖాళీగా ఉన్న వరుసలు పైభాగాన గుంపుగా కనిపించాయి. వాటిలో పుస్తకసంఖ్య ఉంది, తేదీ ఉంది, తీసుకువెళ్ళినవారు మాత్రం లేరు. ఎలా వచ్చాయో తెలుసుకోవడానికి, సాయంత్రం రద్దీ వేళ అక్కడి ఉద్యోగి పక్కన కూర్చుని చూశాను. ఫారమ్ తెరవగానే ఖాళీ రికార్డుతో (కొత్త వరుసతో) మొదలయ్యేట్టు నేనే అమర్చాను. ఎదురుగా నిలబడ్డవారు పుస్తకం చేతికి ఇవ్వగానే ఆమె ముందుగా కింది సబ్‌ఫారమ్‌లో పుస్తకసంఖ్య, తేదీ కొట్టి, ఆ తరువాత సభ్యుడిని వెతకడానికి పైకి వెళుతున్నది. పుస్తకం చేతిలో ఉంది, సభ్యుడి కార్డు ఇంకా సంచిలోంచి బయటికి రాలేదు. ఆమె చేసినదాంట్లో అసహజం ఏమీ లేదు. కానీ ఆ క్షణాన మెయిన్ ఫారమ్‌లో సభ్యసంఖ్య లేదు కాబట్టి, యాక్సెస్ తీసుకువచ్చి రాయడానికి ఏమీ దొరకలేదు. ఖాళీనే రాసింది. సభ్యుడిని తెరవగానే సబ్‌ఫారమ్ జల్లెడ మారిపోయి ఆ వరుస కంటికి కనబడకుండా పోయింది. ఎక్కలేదేమోననుకుని ఆమె మళ్ళీ కొట్టినప్పుడు ఒకే జారీకి రెండు వరుసలు తయారయ్యాయి. రద్దీలో మరిచిపోయినప్పుడు ఆ పుస్తకం ఎవరి ఖాతాలోనూ పడలేదు.

ఇటువంటి దిక్కులేని వరుసలను ఈ వృత్తిలో ఉన్నవారు అనాథ రికార్డులంటారు. అవి పుట్టకుండా ఆపవలసినది టేబుళ్ళ స్థాయిలోనే. డేటాబేస్ టూల్స్‌లో రిలేషన్‌షిప్స్ విండో తెరిచి, సభ్యుల టేబుల్‌లోని సభ్యసంఖ్యను లాగి జారీలలోని సభ్యసంఖ్య మీద వదిలి, అప్పుడు వచ్చే పెట్టెలో ఎన్‌ఫోర్స్ రెఫరెన్షియల్ ఇంటెగ్రిటీ అన్న గడిలో టిక్ పెట్టాలి. ఇక ఎవరు ఏ దారిలో వచ్చి రాసినా, సభ్యుల టేబుల్‌లో లేని సంఖ్యను జారీలలో రాయనివ్వదు. సంబంధిత రికార్డు ఫలానా టేబుల్‌లో ఉండి తీరాలని చెబుతూ 3201 నంబరు ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ చూసి చాలామంది బెదిరిపోయి టిక్ తీసేస్తుంటారు. కాపలావాడు తలుపు దగ్గర ఆపాడని కాపలావాణ్ణే పని మానిపించినట్టు!

ఒక్క మెలిక ఉంది. పాఠాలు రాసేవారిలో చాలామంది చెప్పనిదీ, నన్ను రెండోసారి దెబ్బతీసినదీ ఇదే. లేని సంఖ్యను రాయనివ్వదు గానీ, అసలు ఏ సంఖ్యా రాయకుండా ఖాళీగా వదిలేస్తే రెఫరెన్షియల్ ఇంటెగ్రిటీ అభ్యంతరం చెప్పదు. రిలేషనల్ డేటాబేస్ నియమాల ప్రకారం ఖాళీ అంటే ఇంకా తెలియదని అర్థం. తెలియనిదానిని తప్పు అనలేరు. ఆ గ్రంథాలయంలో పుట్టినవన్నీ ఈ కోవకు చెందిన వరుసలే. అంటే, ఆ టిక్ నేను మొదటిరోజే పెట్టి ఉన్నా అవి పుట్టే ఉండేవి. అందుకు మందు వేరే ఉంది. జారీల టేబుల్‌ను డిజైన్ వ్యూలో తెరిచి, సభ్యసంఖ్య ఫీల్డుకు రిక్వయర్డ్ అన్న ప్రాపర్టీలో ఎస్ అని పెట్టాలి. పనిలో పనిగా డిఫాల్ట్ వాల్యూ గడి కూడా చూడాలి. అందులో 0 ఉంటే తీసేయాలి. సున్నా నంబరు సభ్యుడెవరూ ఉండరు కాబట్టి, అది అలాగే ఉంటే ఖాళీగా వదిలిన వరుసలో సున్నా పడి, వాడేవారికి అర్థం కాని 3201 ఎర్రర్ వస్తుంది. ఈ రెండూ అయ్యాక, సబ్‌ఫారమ్ బిఫోర్ ఇన్సర్ట్ ఈవెంట్‌లో (కొత్త వరుస మొదలయ్యే క్షణంలో నడిచే చోట) రెండు మూడు లైన్ల కోడ్ రాసి, పైన సభ్యుడు లేకపోతే కొత్త వరుస మొదలుకాకుండా ఆపి, ముందు సభ్యుడిని ఎంచుకోండని తెలుగులోనే సందేశం చూపిస్తే వాడేవారికి హాయి. కోడ్ రాయడం రానివారు అది లేకుండా సరిపెట్టుకోవచ్చు; రిక్వయర్డ్ మాత్రం వదలకూడదు.

కలపవలసిన ఫీల్డుల డేటా టైపు ఒకటే కావాలన్న నియమాన్ని పాఠం ఒక వాక్యంలో తేల్చేసింది. అది సరైనదే, అయినా ఉదాహరణ ఇచ్చి ఉంటే బాగుండేది. సభ్యుల టేబుల్‌లో సభ్యసంఖ్య ఆటోనంబర్ అయితే, జారీలలో దానికి జోడీ కూడా ఆటోనంబరే అని పొరబడేవారు చాలామంది. జారీలలో అది నంబర్ టైపు కావాలి, ఫీల్డ్ సైజు లాంగ్ ఇంటిజర్ కావాలి. సంఖ్యలను టెక్స్ట్‌గా దాచే అలవాటు ఉన్నచోట చిక్కు మరొక రకంగా వస్తుంది. కార్డు మీద 0042 అని అచ్చయింది కదా అని ఒక టేబుల్‌లో అలాగే టెక్స్ట్‌గా కొట్టి, రెండవ టేబుల్‌లో నంబర్‌గా పెడితే అక్కడ ముందున్న సున్నాలు రాలిపోయి 42 మిగులుతుంది. మన కంటికి ఆ రెండూ ఒకే మనిషివి, యంత్రానికి కావు. వీటి మధ్య రెఫరెన్షియల్ ఇంటెగ్రిటీ పెట్టబోతే డేటా టైపులు ఒకటి కావని యాక్సెస్ అక్కడికక్కడే నిరాకరిస్తుంది. ముందుగా రిలేషన్‌షిప్ గీయడంలో ఉన్న లాభాలలో ఇదొకటి: ఇటువంటి తేడా ఫారమ్ దాకా రాకుండానే బయటపడుతుంది. పేరుతో కలపడం గురించి వేరే చెప్పనక్కరలేదు. ఒకే పేరు గలవారు ఇద్దరు చేరిన రోజున ఇద్దరి పుస్తకాలూ ఇద్దరి కిందా కనిపిస్తాయి.

అదే పెట్టెలో కాస్కేడ్ డిలీట్ అన్న మరొక టిక్ ఉంటుంది. సభ్యుడి రికార్డు తీసేస్తే అతడి జారీలన్నీ తుడిచిపెట్టుకుపోవడం దాని పని. బిల్లు, బిల్లులోని వస్తువుల వరుసలు వంటి జంటకు అది సరిపోతుంది. బిల్లే లేనప్పుడు అందులోని వరుసలకు అర్థం లేదు. గ్రంథాలయానికి మాత్రం అది పెట్టవద్దంటాను. ఒక సభ్యుడు మానేసినంత మాత్రాన ఏ పుస్తకం ఎన్నిసార్లు బయటికి వెళ్ళిందన్న చరిత్ర చెరిగిపోకూడదు. మానేసినవారిని గుర్తించడానికి సభ్యుల టేబుల్‌లో ఎస్/నో ఫీల్డు ఒకటి చాలు. కాస్కేడ్ అప్‌డేట్ సంగతి చెప్పాలంటే, ప్రైమరీ కీ ఆటోనంబర్ అయినప్పుడు దాని విలువ ఎన్నటికీ మారదు కాబట్టి ఆ టిక్ ఉన్నా లేకున్నా ఒకటే.

ఈ గందరగోళానికంతటికీ మూలం లింకు అన్న ఒక్క మాటేనని నాకు తోస్తున్నది. మీ పాఠకర్తనే కాదు, ఈ రంగంలో ఉన్న మా అందరినీ అనవలసిన విషయం ఇది. ఫారమ్‌లో మాస్టర్, చైల్డ్ ఫీల్డులను జతపరచడం లింకే. రిలేషన్‌షిప్స్ విండోలో గీసే గీత కూడా మా వాడుకలో లింకే. క్వెరీ డిజైన్‌లో రెండు టేబుళ్ళ మధ్య లాగే గీతను జాయిన్ అనాలి, దాన్నీ లింకనే అంటాం. డేటాను ఒక ఫైలులోనూ ఫారమ్‌లను మరొక ఫైలులోనూ ఉంచి నలుగురు పనిచేసేచోట, ఫారమ్‌ల ఫైలు నుంచి అవతలి టేబుళ్ళను అందుకోవడం మళ్ళీ లింకే. ఈ నాలుగింటిలో తప్పుడు వరుసను ఆపగలిగేది రెండవది ఒక్కటే, అది కూడా ఇంటెగ్రిటీ టిక్ పెడితేనే. పైగా ఫైలును ఇలా రెండుగా విడగొట్టినచోట ఆ టిక్ డేటా ఉన్న ఫైలును తెరిచి పెట్టాలి. ఫారమ్‌ల ఫైలులో లింక్డ్ టేబుళ్ళ మధ్య గీత గీసినా ఆ గడి మసకగా ఉండిపోయి నొక్కనివ్వదు. పాఠం రాసేటప్పుడు మొదటిదాన్ని ఫీల్డుల జత అనీ, రెండవదాన్ని రిలేషన్‌షిప్ అనీ, మూడవదాన్ని జాయిన్ అనీ వేరువేరుగా పిలిచి, లింకు అన్న మాటను నాలుగవదానికి వదిలేస్తే, చదివేవారి తలలో సగం చిక్కు దానంతట అదే విడిపోతుందని నా అభిప్రాయం.

జాయిన్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. సబ్‌ఫారమ్‌లో సభ్యుడి పేరు కూడా కనబడితే బాగుంటుందని, దాని ఆధారమైన క్వెరీలోకి సభ్యుల టేబుల్‌ను కూడా లాక్కువచ్చేవారున్నారు. పేరు పైన ఎలాగూ కనిపిస్తున్నది; కింద మళ్ళీ చూపిస్తే ఎవరో ఒకరు జారీ దిద్దుతున్నాననుకుని సభ్యుడి పేరే మార్చేస్తారు. సబ్‌ఫారమ్‌కు ఆధారంగా జారీల టేబుల్ ఒక్కటే చాలు. పుస్తకం పేరు కావాలంటే కాంబో బాక్స్ (నొక్కితే జాబితా తెరుచుకునే పెట్టె) పెట్టి, లోపల పుస్తకసంఖ్య నిలిచేట్టు, పైకి పేరు కనిపించేట్టు అమర్చుకోవచ్చు. క్వెరీయే వాడదలిస్తే, సభ్యసంఖ్య ఫీల్డును అందులోంచి తీసేయకూడదు. తెర మీద కనబడనక్కరలేదు గానీ క్వెరీలో ఉండి తీరాలి. లేకపోతే ఫారమ్ తెరిచినప్పుడల్లా ఎంటర్ పెరామీటర్ వాల్యూ అంటూ ఒక పెట్టె వచ్చి సభ్యసంఖ్య అడుగుతుంది.

పాఠం చివర ఇచ్చిన అభ్యాసంలో, జారీ అయిన పుస్తకాల సంఖ్యను మెయిన్ ఫారమ్‌లో చూపించమన్నారు. అందుకు సబ్‌ఫారమ్ ఫుటర్‌లో (అడుగు భాగంలో) లెక్కకట్టి, దానిని మెయిన్ ఫారమ్‌లోని టెక్స్ట్ బాక్స్ నుంచి పిలవాలి. ఇక్కడ పిలవవలసిన పేరు లోపలి ఫారమ్ పేరు కాదు, దాన్ని పట్టి ఉంచిన చట్రం పేరు. లాగి వదిలినప్పుడు సాధారణంగా రెండూ ఒకటే ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. తరువాత ఎప్పుడో ఒక పేరు మార్చినప్పుడు, లేదా మొదట ఖాళీ చట్రం గీసి అందులో ఫారమ్‌ను పెట్టినప్పుడు, టెక్స్ట్ బాక్స్‌లో నేమ్ అన్న ఎర్రర్ ప్రత్యక్షమవుతుంది. చట్రాన్ని ఎంచుకుని, ప్రాపర్టీ షీట్ అదర్ ట్యాబ్‌లో ఉన్న పేరును చూసి రాసుకుంటే తీరిపోతుంది.

ఇంకొక మెట్టు పైకి వెళ్ళదలచినవారికి పాఠకర్త చూపించదగిన ముచ్చటైన ఏర్పాటు ఒకటుంది. ఒక జారీకి గడువు ఎన్నిసార్లు పొడిగించారో మూడవ టేబుల్‌లో ఉందనుకుందాం. జారీల సబ్‌ఫారమ్ వరుసలన్నీ ఒకేసారి కనిపించే కంటిన్యువస్ ఫారమ్ అయితే, దాని లోపల మరొక సబ్‌ఫారమ్ పెట్టనివ్వదు. అప్పుడు పొడిగింపుల సబ్‌ఫారమ్‌ను జారీల పక్కనే మెయిన్ ఫారమ్ మీద ఉంచి, మధ్యవర్తిగా ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టాలి. ఆ టెక్స్ట్ బాక్స్‌కు జారీల సబ్‌ఫారమ్‌లోని జారీసంఖ్యను ఆధారంగా ఇచ్చి, పొడిగింపుల చట్రంలో మాస్టర్ గడిలో ఆ టెక్స్ట్ బాక్స్ పేరు, చైల్డ్ గడిలో జారీసంఖ్య రాస్తే, జారీలలో ఏ వరుస మీద నిలబడితే ఆ వరుస పొడిగింపులు పక్కన కనిపిస్తాయి. మాస్టర్ గడి ఫీల్డు పేరునే కాక కంట్రోల్ (ఫారమ్ మీద పెట్టే టెక్స్ట్ బాక్స్ వంటిది) పేరును కూడా ఒప్పుకుంటుంది. చైల్డ్ గడి మాత్రం ఫీల్డు పేరునే ఒప్పుకుంటుంది. ఫీల్డు లింకర్ పెట్టె ఈ టెక్స్ట్ బాక్స్‌ను జాబితాలో చూపించదు గనుక పేరును చేత్తో రాయాలి. అంతా సరిగ్గా పనిచేశాక టెక్స్ట్ బాక్స్ విజిబుల్ ప్రాపర్టీని నో చేయవచ్చు. మొదటే దాచేస్తే, పనిచేయనప్పుడు ఎక్కడ తెగిందో తెలియదు.

యాక్సెస్ కొనుక్కోనివారు లిబ్రెఆఫీస్ బేస్ వాడుకోవచ్చునని పాఠంలో ఒక మాట అన్నారు, సంతోషం. అందులో సబ్‌ఫారమ్ వేరే ఫారమ్‌గా ఉండదు. అదే పత్రంలో, ఫారమ్ నేవిగేటర్‌లో మెయిన్ ఫారమ్ కింద పిల్లకొమ్మలా కనిపిస్తుంది. గళ్ళ పేర్లు లింక్ మాస్టర్ ఫీల్డ్స్, లింక్ స్లేవ్ ఫీల్డ్స్. అక్కడి ఫారమ్ విజార్డులో నాకు నచ్చిన సంగతేమిటంటే, సబ్‌ఫారమ్‌ను ఉన్న రిలేషన్ ఆధారంగా చేయాలా, ఫీల్డులను మీరే ఎంచుకుంటారా అని అది ముందుగానే అడుగుతుంది. ఆ ప్రశ్న ఎదురైనవాడు రిలేషన్ అంటే ఏమిటా అని ఒక క్షణం ఆగుతాడు.

యాక్సెస్ తొలి వెర్షన్ వచ్చింది 1992లో. టేబుళ్ళ మధ్య సంబంధాన్ని విలువల ద్వారానే చెప్పాలన్న ఆలోచనను రిలేషనల్ డేటాబేస్‌కు ఆద్యుడైన ఎడ్గార్ కాడ్ తన పరిశోధన పత్రంలో ప్రచురించినది 1970లో. ఆలోచన ముందు పుట్టి, తెర తరువాత వచ్చింది. పాఠాలూ ఆ క్రమంలోనే ఉండాలని నా కోరిక. సబ్‌ఫారమ్ పాఠానికి ముందు రిలేషన్‌షిప్స్ విండోకు ఒక వారం పూర్తిగా కేటాయించి ఉంటే, ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు. పాఠకర్త శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన ఇచ్చిన తెర బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి, అడుగడుగునా ఎక్కడ నొక్కాలో చెప్పిన తీరు ఎంతో ఉపయోగకరం.

అయితే వచ్చే వారం సవరణ వేసేటట్లయితే, ఇప్పటికే ఆ పద్ధతిలో ఫారమ్ తయారుచేసుకుని వాడుతున్నవారికి కూడా రెండు మాటలు రాయించండి. ముందుగా ఫైలుకు ఒక నకలు తీసుకోవాలి. తరువాత క్వెరీ విజార్డులో ఫైండ్ అన్‌మాచ్డ్ క్వెరీని ఎంచుకుని, జారీలలో ఉండి సభ్యులలో లేని వరుసలను అడగాలి. సభ్యసంఖ్య ఖాళీగా ఉన్నవీ, లేని సభ్యుడి సంఖ్య ఉన్నవీ అన్నీ ఒక్కచోటికి వస్తాయి. అవి ఉన్నంతవరకు ఇంటెగ్రిటీ టిక్ పెట్టనివ్వడం లేదనో, రిక్వయర్డ్ పెట్టబోతే పాత డేటా నియమానికి లోబడలేదంటున్నదనో, వాటిని గుత్తగా తుడిచేయాలన్న తొందర పుడుతుంది. తుడవవద్దు. ఆ గ్రంథాలయంలో మేము ఆ వరుసలను జారీసంఖ్య ప్రకారం పేర్చి, ఒక్కొక్కదానికీ ముందూ వెనుకా నమోదైన వరుసలను చూసుకుంటూ వెళ్ళాము. చాలాచోట్ల వెంటనే తరువాతి వరుసలో అదే పుస్తకసంఖ్య, అదే తేదీ, ఈసారి సభ్యసంఖ్యతో సహా ఉన్నాయి; అవి రెండోసారి కొట్టినవి కాబట్టి ఖాళీవాటిని నిశ్చింతగా తీసేశాము. జంట దొరకనివాటిని ఒక కాగితం మీద రాసి బల్ల మీద ఉంచాము. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు తెచ్చినవారిని అడిగి, ఆ వరుసలో వారి సంఖ్య రాసి, కాగితం మీద కొట్టేస్తూ వచ్చారు. కాగితం మీద ఆఖరి వరుస కొట్టేసిన రోజున వెళ్ళి, రిక్వయర్డ్‌కు ఎస్, ఇంటెగ్రిటీకి టిక్ పెట్టి వచ్చాను.

ఇట్లు,
మీ పాఠకుడు